షెర్రీ సీసాను ఎంచుకోవడం, వడ్డించడం, దాచుకోవడం ఎలా?

తీపి వైన్ అని ఎవరో చెప్పగా షెర్రీ కొన్నామనీ, తెరిచి చూస్తే చుక్క తీపి లేకుండా ఉప్పగా తగిలిందనీ, సీసా చెడిపోయిందేమో చెప్పమనీ అడిగే పాఠకులు చాలామంది ఉన్నారు. ఎప్పుడో తెరిచిన సీసా అల్మరాలో మిగిలిపోయింది, ఇప్పుడు తాగవచ్చా అన్నది తరచుగా వచ్చే రెండో ప్రశ్న. మొదటి ప్రశ్నకు నా సమాధానం దాదాపు ఎప్పుడూ "చెడిపోలేదు, మీరు కొన్న రకమే అది" అని. రెండో ప్రశ్నకు "ముందు అది ఏ రకమో చెప్పండి" అని. తెరిచిన వారానికే చప్పబడిపోయే వైన్, నెల దాటినా చెక్కుచెదరని వైన్ రెండూ షెర్రీ అన్న ఒకే పేరుతో అమ్ముడవుతాయి. అందువల్ల కొనడం, చల్లబరచడం, దాచడం అన్నీ చేతిలో ఉన్నది ఏ రకమన్న దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ముందుగా తెలియవలసినంత మాత్రం

షెర్రీ స్పెయిన్ దక్షిణ భాగంలో, అందలూసియాలోని కాదిస్ ప్రాంతం నుంచి వస్తుంది. హెరెస్ దె లా ఫ్రొంతేరా, సాన్‌లూకార్ దె బర్రామేదా, ఎల్ ప్వెర్తో దె సాంతా మరియా అనే మూడు పట్టణాలు దీనికి కేంద్రాలు. అక్కడి తెల్లని సుద్ద నేలను అల్బరీసా అంటారు. అది చలికాలపు వాననీటిని పట్టి ఉంచి, చినుకు పడని వేసవి నెలల్లో ద్రాక్ష తీగలకు అందిస్తుంది. పండించే ద్రాక్షలో అత్యధిక భాగం పాలోమినో. దాని నుంచి తీసిన తెల్ల వైన్‌కు ద్రాక్ష స్పిరిట్ కలిపి, సుమారు 600 లీటర్లు పట్టే అమెరికన్ ఓక్ పీపాల్లో, పైన కొంత ఖాళీ వదిలి నిల్వ చేస్తారు. ఆల్కహాల్ 15 శాతం దగ్గర ఉంటే వైన్ మీద ఫ్లోర్ అనే ఈస్టు పొర పాల మీద మీగడలా కట్టి, గాలి సోకకుండా కాపాడుతుంది. 17 శాతం దాటిస్తే ఆ పొర బతకదు కాబట్టి వైన్ ఏళ్ల తరబడి గాలిని పీలుస్తూ ముదురు రంగుకు తిరుగుతుంది. దిగువ వరుసలోని పాత పీపాల నుంచి కొంత వైన్ తీసి, ఆ వెలితిని పై వరుసల్లోని చిన్న వయసు వైన్‌తో భర్తీ చేస్తూ పోయే ఏర్పాటును సొలేరా అంటారు. పంటలన్నీ కలిసిపోవడం వల్ల చాలా సీసాల మీద పంట సంవత్సరం ఉండదు. దాని కోసం వెతకవద్దు. మీరు వెతకవలసింది సీసాలో నింపిన తేదీ.

కావలసినవి

• షెర్రీ సీసా. వీలైతే 375 మిల్లీలీటర్ల అర సీసా తీసుకోవాలి.
• మామూలు తెల్ల వైన్ గ్లాసులు.
• ఫ్రిజ్, ఒక బకెట్, ఐసు ముక్కలు.
• మూత బిగుతుగా పట్టే, వాసన లేని చిన్న గాజు సీసా ఒకటి.
• తేదీ రాయడానికి కాగితపు టేపు, పెన్ను.
• వంటింటి థర్మామీటర్ ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు.

1. ఏ రకం కావాలో ముందు తేల్చుకోండి

ఈ మెట్టు దాటవేసి దుకాణానికి వెళ్లడం వల్లనే ఎక్కువ మంది నిరాశపడుతున్నారు. ఫినో, మన్సానియా రెండూ పూర్తిగా ఫ్లోర్ పొర కింద ఎదిగినవి. వీటి రంగు లేత గడ్డి రంగు, ఆల్కహాల్ 15 నుంచి 17 శాతం, చక్కెర దాదాపు శూన్యం. బాదం, పచ్చి యాపిల్, పులిసిన పిండి వాసనలు వస్తాయి, నాలుక చివర ఉప్పు తగిలినట్టు ఉంటుంది. మన్సానియా అన్న పేరు సాన్‌లూకార్‌లో ఎదిగిన వైన్‌కు మాత్రమే దక్కుతుంది. గ్వాదల్కివీర్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ ఊళ్లో గాలి చల్లగా, తేమగా ఉండి ఫ్లోర్ పొర ఏడాది పొడవునా దట్టంగా నిలుస్తుంది కాబట్టి మన్సానియా మరింత తేలికగా, పదునుగా ఉంటుంది.

అమొంతియాడో కొన్నేళ్లు ఫ్లోర్ కింద గడిపి, ఆ పొర పోయిన తరువాత గాలిలో ఎదుగుతుంది; తేనె రంగు నుంచి గోధుమ రంగు వరకు ఉంటుంది, హేజెల్‌నట్ వాసన వేస్తుంది. ఓలోరోసో మొదటి నుంచీ గాలిలోనే ఎదుగుతుంది; చిక్కగా, అక్రోటు వాసనతో, 17 నుంచి 22 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. ఓలోరోసో వాసన చూస్తే తీపి వైన్ అనే అనిపిస్తుంది, నోట్లో పోసుకుంటే తీపి ఉండదు. సీసా చెడిపోయిందన్న అనుమానాల్లో సగం ఇక్కడే పుడుతున్నాయి. పాలో కొర్తాదో ఈ రెండింటి లక్షణాలూ కలిసిన అరుదైన రకం, తొలిసారి కొనేవారికి దానితో పని లేదు.

తీపి కావాలనుకునేవారికి వేరే దారి ఉంది. పెద్రో హిమెనెస్ అనే ద్రాక్షను కోసిన తరువాత ఎండలో పరచి, ఎండు ద్రాక్షగా మారబోతుండగా పిండి తీసే వైన్ ఆ ద్రాక్ష పేరుతోనే అమ్ముడవుతుంది. అది దాదాపు నల్లగా, పాకం లాంటి చిక్కదనంతో, ఖర్జూరం, కిస్మిస్, అంజీర్ రుచులతో ఉంటుంది. లీటరుకు కనీసం 212 గ్రాముల చక్కెర ఉంటుంది. మీడియం, క్రీమ్ అన్నవి తీపి లేని షెర్రీలో తీపి వైన్ కలిపి చేసినవి. క్రీమ్‌లో లీటరుకు 115 నుంచి 140 గ్రాముల చక్కెర ఉంటుంది.

మొదటిసారి కొనేవారు ఒక ఫినో, ఒక ఓలోరోసో అర సీసాలు తీసుకుని, ఒకే పూట పక్కపక్కన పెట్టుకుని రుచి చూడాలని నా సలహా. ఒకే ద్రాక్ష, ఒకే నేల. ఫ్లోర్ ఉండటం, లేకపోవడం వల్ల వచ్చే తేడా అప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

2. లేబుల్‌ను ముందూ వెనుకా చదవండి

ఒకే పేరుకు మూడు భాషల్లోని రూపాలైన హెరెస్, షెరెస్, షెర్రీ కలిసి ఉన్న ముద్ర ఉందో లేదో మొదట చూడండి; అది ఈ పేరు వాడకాన్ని పర్యవేక్షించే నియంత్రణ మండలి వేసే ముద్ర. మన్సానియాకు సాన్‌లూకార్ పేరుతో వేరే ముద్ర ఉంటుంది. అమెరికాలో ఉంటున్నవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి: అక్కడి దుకాణాల్లో కిరాణా అరల మధ్య అమ్మే కుకింగ్ షెర్రీలో ఉప్పు కలిపి ఉంటుంది, అది తాగడానికి పనికిరాదు. షెర్రీ పేరుతోనే అమ్ముడయ్యే స్థానిక వైన్లు కూడా అక్కడ ఇంకా కనిపిస్తాయి. ముద్ర చూసుకుంటే ఆ పొరపాటు జరగదు.

తరువాత తీపి సంగతి తేల్చుకోండి. 2012లో మారిన నిబంధనల ప్రకారం, అమొంతియాడో అని గానీ ఓలోరోసో అని గానీ మాత్రమే రాసి ఉంటే అది తీపి లేని వైన్. తీపి కలిపి ఉంటే మీడియం లేదా క్రీమ్ అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. మీ ఇంట్లో అంతకన్నా పాత సీసా ఏదైనా ఉంటే ఈ గుర్తును నమ్మవద్దు. వి.ఒ.ఎస్. అన్న అక్షరాలుంటే సగటు వయసు 20 ఏళ్లకు పైగా, వి.ఒ.ఆర్.ఎస్. అని ఉంటే 30 ఏళ్లకు పైగా అని మండలి ధ్రువీకరించినట్టు. ఎన్ రామా అని ఉంటే చాలా స్వల్పంగా వడపోసి నింపినదని అర్థం. రుచి నిండుగా ఉంటుంది, తాజాదనం విషయంలో మరింత శ్రద్ధ పెట్టాలి.

ఇక నింపిన తేదీ. కొందరు ఉత్పత్తిదారులు వెనుక లేబుల్ మీద నెల, సంవత్సరం స్పష్టంగా ముద్రిస్తారు. లేకపోతే సీసా అడుగుభాగాన గాజు మీదనో, లేబుల్ అంచుననో ఎల్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య కోసం వెతకండి. చాలా చోట్ల మొదటి రెండు అంకెలు సంవత్సరాన్ని, తరువాతి మూడు అంకెలు ఆ ఏడాదిలోని రోజును సూచిస్తాయి. ఉదాహరణకు 24135 అని ఉంటే 2024లో 135వ రోజు, అంటే మే 14. ఈ పద్ధతి అందరిదీ ఒకటి కాదు కనుక అంకెలు పొసగకపోతే ఉత్పత్తిదారు వెబ్‌సైట్‌లో చూసుకోవాలి లేదా దుకాణదారును అడగాలి. ఫినో, మన్సానియాలను నింపిన ఏడాదిలోపు, మహా అయితే ఏడాదిన్నరలోపు తాగేయాలి. ఓలోరోసో, పెద్రో హిమెనెస్ విషయంలో ఇంత కంగారు అవసరం లేదు.

3. దుకాణంలో సీసాను పరీక్షించండి

కిటికీ ఎండలోనో, వేడెక్కే బల్బు కిందనో నిలబెట్టిన ఫినోను ముట్టుకోవద్దు. దుమ్ము పట్టిన ఫినోను ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోవద్దు. సీసాను తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. ఫినో రంగు ముదురు బంగారు రంగులోకి, అక్కడి నుంచి గోధుమ రంగులోకి తిరుగుతూ ఉంటే దాని వయసు మీరిందనే అనుకోవాలి. ఎన్ రామా మాత్రం మామూలు ఫినో కన్నా కాస్త ముదురుగా ఉండటం సహజం.

విదేశం నుంచి భారతదేశానికి వచ్చే ప్రయాణికులు సుంకం లేకుండా 2 లీటర్ల వరకు మద్యం తెచ్చుకోవచ్చు. ఆ 2 లీటర్లలో ఫినో పెట్టడం నాకు అంత తెలివైన పనిగా తోచదు. ఎండాకాలంలో విమానాశ్రయం నుంచి ఊరికి కారు డిక్కీలో సాగే ప్రయాణం దానిని నీరసపరుస్తుంది. ఓలోరోసోను, పెద్రో హిమెనెస్‌ను అంతగా బాధించదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండి ఉండాలి.

4. ఇంటికి తెచ్చాక నిలబెట్టే ఉంచండి

మామూలు వైన్ సీసాలను పడుకోబెట్టాలని విన్నవారు దీనినీ అలాగే పడుకోబెడుతుంటారు. షెర్రీని నిలువుగానే ఉంచాలి. లోపల గాలి తగిలే ఉపరితలం అప్పుడు తక్కువగా ఉంటుంది, చాలా సీసాలకు ఉండే పొట్టి కార్కు మూత కూడా నానదు. ఫినో, మన్సానియాలను తెరవకముందే ఫ్రిజ్‌లో పెట్టేయడం మంచిది. మిగిలినవాటికి చీకటిగా, చల్లగా ఉండే చోటు సరిపోతుంది. మన వేసవిలో అటువంటి చోటు ఇంట్లో లేకపోతే వాటికీ ఫ్రిజ్ అడుగు అరే గతి.

5. రకాన్ని బట్టి చల్లబరచండి

ఫినో, మన్సానియాలకు 7 నుంచి 9 డిగ్రీలు, అమొంతియాడో, ఓలోరోసో, పెద్రో హిమెనెస్‌లకు 12 నుంచి 14 డిగ్రీలు సరైన చల్లదనం. థర్మామీటర్ లేనివారు ఇలా చేయవచ్చు: ఫినోను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పోయడానికి పది నిమిషాల ముందు బయటకు తీయండి. ఓలోరోసోను వడ్డించడానికి గంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. తొందరలో ఉంటే బకెట్‌లో సగం నీళ్లు, సగం ఐసు వేసి సీసాను మెడ దాకా ముంచితే ఫినో సుమారు ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే అంత త్వరగా చల్లబడదు. నీళ్లు తప్పకుండా ఉండాలి.

గ్లాసులో ఐసు వేయవద్దు. వేసవిలో కచ్చితంగా పొడవాటి చల్లని పానీయమే కావాలంటే హెరెస్ వసంతోత్సవంలో తాగే రెబుహీతోను చేసుకోండి: పొడవాటి గ్లాసులో ఐసు, ఒక వంతు ఫినో లేదా మన్సానియా, రెండు వంతుల నిమ్మ సోడా, పుదీనా ఆకులు. దీనికి ఖరీదైన సీసా అక్కరలేదు.

6. తెల్ల వైన్ గ్లాసులో, మూడో వంతు మాత్రమే పోయండి

నడుం సన్నగా ఉండే బుల్లి షెర్రీ గ్లాసులు పాత ఇళ్లలోనూ హోటళ్లలోనూ ఇంకా కనిపిస్తాయి. వాటిలో అంచు దాకా నింపితే వాసన నిలవడానికి చోటు ఉండదు, షెర్రీలో సగం సుఖం వాసనలోనే ఉంది. ఒకరికి 75 మిల్లీలీటర్లు చాలు. ఇది మామూలు వైన్ కన్నా ఘాటైనది. గ్లాసు పెద్దదైనంత మాత్రాన కొలత పెరగకూడదు.

ఒకటికి మించి రకాలు ఉంటే లేత రంగు నుంచి ముదురు రంగుకు, తీపి లేనిదాని నుంచి తీపిదానికి వెళ్లండి. పెద్రో హిమెనెస్ తాగిన నాలుకకు ఆ తరువాత ఫినో నీళ్లలా, చేదుగా తగులుతుంది.

7. తోడు తిండి లేకుండా ఫినోను అంచనా వేయకండి

ఫినోను ఒట్టిగా తాగి నచ్చలేదన్నవారికి, వేయించిన ఉప్పు బాదం నాలుగు గింజలు నోట్లో వేసుకుని మళ్లీ ఒక గుక్క తాగి చూడమని చెబుతాను. కాదిస్ తీరంలో దీనిని పిండి అద్ది వేయించిన చిన్న చేపలతో, సాన్‌లూకార్ రొయ్యలతో, ఆలివ్‌లతో, ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసంతో తీసుకుంటారు. ఈదేదానికి ఫినో, ఎగిరేదానికి అమొంతియాడో, పరుగెత్తేదానికి ఓలోరోసో అని అక్కడ ఒక నానుడి ఉంది. చేపకు, కోడికి, మేకకు ఏది వాడాలో ఇంతకన్నా సులువుగా చెప్పలేము.

మన వంటకు వర్తింపజేసేటప్పుడు ఒక్కటే అడ్డంకి, కారం. ఆల్కహాల్ కారపు మంటను పెంచుతుంది, ఫినోలో ఆ మంటను తగ్గించే తీపి లేదు. కారం తగ్గించి చేసిన చేపల వేపుడు, ఉప్పూ మిరియాలతో వేయించిన రొయ్యలు ఫినోకు చక్కగా కుదురుతాయి. గొడ్డుకారం పులుసు మాత్రం కుదరదు. కారం తగ్గించడం ఇష్టం లేనివారు బాగా చల్లబరచిన మీడియం షెర్రీని ప్రయత్నించవచ్చు.

8. మిగిలినదాన్ని ఆ రాత్రే దాచండి

వడ్డన ముగియగానే మూత బిగించి, టేపు మీద తెరిచిన తేదీ రాసి సీసాకు అంటించి, ఫ్రిజ్‌లో నిలబెట్టండి. సగానికి మించి ఖాళీ అయిన ఫినోను చిన్న గాజు సీసాలోకి మూతి దాకా నింపి మూత పెడితే, లోపల గాలి ఉండదు కనుక మరికొన్ని రోజులు నిలుస్తుంది.

తెరిచిన తరువాత ఫినో, మన్సానియాలకు వారం రోజులు. అమొంతియాడోకు రెండు మూడు వారాలు. ఓలోరోసోకు నాలుగు నుంచి ఆరు వారాలు. పెద్రో హిమెనెస్‌కు నెల నుంచి రెండు నెలలు గడువుగా పెట్టుకోండి. కారణం ముందే చెప్పుకున్నాము. ఫినోను జీవితమంతా గాలి నుంచి కాపాడిన ఫ్లోర్ పొర సీసాలో లేదు, ఓలోరోసోకు గాలి పాత అలవాటే. గడువు దాటితే వైన్ విషమేమీ కాదు, అందులోని ప్రాణం పోతుంది, అంతే.

తరచుగా కనిపించే పొరపాట్లు

తెరిచిన సీసాను అలంకారంగా విస్కీ సీసాల పక్కన నిలబెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. విస్కీకి ఉన్న ఓర్పు దీనికి లేదు. ఈ సందర్భంలోనే మరో అపోహ: షెర్రీ పీపాలో ఎదిగిందని రాసి ఉన్న విస్కీ ఇష్టం కాబట్టి షెర్రీ కూడా అదే రుచిగా ఉంటుందని కొందరు ఫినో కొంటారు. ఆ విస్కీ పీపాలను ఎక్కువగా ఓలోరోసోతో నానబెడతారు. పైగా సొలేరాల్లో తరాల తరబడి వాడే పీపాలు వేరు, విస్కీ కోసం ప్రత్యేకంగా తయారుచేసే పీపాలు వేరు. ఆ కిస్మిస్, అక్రోటు ఛాయ కోరుకునేవారు ఓలోరోసోతో మొదలుపెట్టాలి.

ఫినోను మరింత పాతబడితే మరింత బాగుంటుందని దాచడం ఇంకొక పొరపాటు. వయసంతా పీపాలోనే వచ్చింది, సీసాలో వచ్చేది ఏమీ లేదు. పాత సీసాల ఫినోను కోరి తాగే రసికులు స్పెయిన్‌లో లేకపోలేదు కానీ, వారు తాజా ఫినో రుచి ఎరిగినవారు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

నమ్మదగిన పరీక్ష ఒకటే ఉంది, దానికే ఆ చిన్న సీసా. ఫినోను తెరిచిన వెంటనే, ఎవరికీ పోయకముందే, చిన్న సీసాను మూతి దాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఐదో రోజున పెద్ద సీసాలో మిగిలినదాన్ని ఒక గ్లాసులో, చిన్న సీసాలోనిదాన్ని మరో గ్లాసులో పోసి పోల్చండి. రంగు ఒకటిగానే ఉండి, రెండింటిలోనూ బాదం వాసన, ఉప్పు పదును నిలిచి ఉంటే మీ నిల్వ పద్ధతి సరైనదే. పెద్ద సీసాలోనిది ముదిరి, కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసన వేస్తూ, నాలుక మీద చప్పగా మొదలై చేదుగా ముగిస్తే మీ ఫ్రిజ్ తలుపు తరచుగా తెరుచుకుంటోందనో, మూత వదులుగా ఉందనో అర్థం. సీసాను తలుపు అర నుంచి లోపలి అరకు మార్చి, వచ్చేసారి గడువును మూడు రోజులకు కుదించుకోండి.

సీసా తెరిచిన క్షణమే తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్కు దోషం; దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు. గోళ్ల రంగు తుడిచే ద్రావణం వాసన గుప్పుమంటే ఆ వైన్ పాడైందనే లెక్క. అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపిస్తే భయపడనవసరం లేదు, అవి చల్లదనానికి పేరుకున్న ద్రాక్ష లవణాలు. పెద్రో హిమెనెస్‌లోనూ ఎన్ రామా సీసాల్లోనూ కాస్త మడ్డి దిగడం మామూలే.

నీరసించిన ఫినోను సింకులో పారబోయవద్దు. వెల్లుల్లి రేకలు నూనెలో రంగు మారుతుండగా రొయ్యలో పుట్టగొడుగులో వేసి, పెనం బాగా వేడెక్కిన తరువాత అర గ్లాసు ఫినో పోసి, ఆవిరి ఘాటు తగ్గేదాకా పెద్ద మంట మీద ఉడకనివ్వండి. ఫినో తనే కొంత ఉప్పగా అనిపిస్తుంది కాబట్టి ఉప్పు చివర్లో, రుచి చూసి వేయాలి. పెద్రో హిమెనెస్ అడుగున రెండు చెంచాలు మిగిలితే దానికి వంట అక్కరలేదు. వెనిలా ఐస్‌క్రీమ్ మీద పోసుకుంటే సరిపోతుంది.